పప్పు ఉడకని నీళ్లలో చేపలు

దుకాణం తాళాలు మా చెల్లెలి కూతురికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక, ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. కాఫీ పూర్తికాకముందే అందరూ అడిగే ప్రశ్న ఒకటే.

"మేడమ్, మన గుంటూరులో ఏ చేపలు బాగా పోతాయండీ?"

"పోతాయంటే ఏంటి నాన్నా? అమ్ముడుపోవడమా, చచ్చిపోవడమా?" అంటాను.

నవ్వుతారు. నేను మాత్రం నిజంగానే అడుగుతాను. చాలా దుకాణాల్లో బాగా అమ్ముడుపోయే చేపలే ఇళ్లకు వెళ్లి బాగా చచ్చిపోతాయి. ఒకసారి పోతే మళ్లీ కొంటారు. ఇంకోసారి పోతే మనసు విరిగి తొట్టిని అటక మీద పెట్టేస్తారు. ఆ ఇంటివాళ్లు ఇక మన గుమ్మం తొక్కరు. అందుకే ఈ పని నిజానికి ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెబుతాను. లైసెన్సులూ జీఎస్టీ సంగతులూ మీ ఆడిటరు చెబుతాడు, అవి నాకొద్దు.

రాఘవయ్యగారి కొలువు

జువాలజీ డిగ్రీ పూర్తిచేసి, లెక్చరర్ ఉద్యోగం వచ్చేదాకా అనుకుంటూ రాఘవయ్యగారి చేపల దుకాణంలో చేరాను. ఆ ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లకు దానికోసం ఎదురుచూడటం కూడా మర్చిపోయాను.

రాఘవయ్యగారు పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. పొద్దున్నే దుకాణం తెరవగానే ఒక్కొక్క తొట్టి ముందూ ఆగి చేపల్ని పలకరించేవారు. ఆయనకో నియమం ఉండేది. తొట్టి కొన్న రోజున చేపలు అమ్మరు. కొనడానికి వచ్చినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే.

"ఇవాళ తొట్టి, ఇసక, మొక్కలు పట్టుకెళ్లండి. మొక్కలు వేళ్లూనుకున్నాక చేపలకి రండి."

కొంతమంది కోపంతో పక్క దుకాణానికి వెళ్లిపోయేవారు. ఇట్లా అయితే మనం దుకాణం మూసుకోవాల్సిందే అని నేను లోలోపల అనుకునేదాన్ని. కానీ ఆగినవాళ్ల తొట్లు ఏళ్ల తరబడి నిలిచాయి. వాళ్లే తమ చుట్టాల్ని తీసుకొచ్చారు. కొత్త నీళ్లలో చేపల వ్యర్థం విషంగా మారుతుంది. ఆ విషాన్ని హరించే సూక్ష్మజీవులు ఇసకలో, ఫిల్టరు స్పాంజిలో పెరగడానికి కొంత కాలం పడుతుంది. మొక్కలు కూడా దాన్ని కొంత పీల్చుకుంటాయి. ఇదంతా నేను చదువుకున్నదే. కొనేవాడు చేతిలో డబ్బు పట్టుకుని నిలబడ్డప్పుడు "ఇవాళ వద్దండీ" అని నవ్వుతూ చెప్పడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనా అన్నీ సరిగ్గానే చేశారని కాదు. ఒక ఏడాది దుకాణం ముందు అద్దాల కిటికీలో పెట్టడానికి ఓ పెద్ద తొట్టి తయారుచేశారు. రకరకాల మొక్కలతో లంక పొలంలా పచ్చగా నింపారు. దాంట్లో రూపాయి బిళ్లల్లా గుండ్రంగా, వెండిలా మెరిసే సిల్వర్ డాలర్ చేపల్ని వదిలారు. చూడముచ్చటగా ఉంది. వచ్చేపోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు. మర్నాడు వచ్చి చూస్తే ఒక్క ఆకు లేదు. కాడలు మాత్రం పుల్లల్లా నిలబడి ఉన్నాయి. చేపలు బొజ్జలు నింపుకుని హాయిగా తిరుగుతున్నాయి. అవి పక్కా శాకాహారులు!

రాఘవయ్యగారు కాసేపు నోరు తెరుచుకుని చూసి, తర్వాత బల్ల పట్టుకుని పడీ పడీ నవ్వారు. "పద్మా, ఇది చెరిపెయ్యొద్దు. ఇట్లాగే ఉంచు. వచ్చినవాళ్లకి చూపించి చెబుదాం" అన్నారు. ఆ వారమంతా ఆ బోసి తొట్టి ముందే నిలబడి, ఏ చేప మొక్కల్ని బతకనిస్తుందో, ఏది బతకనివ్వదో అందరికీ పాఠం చెప్పారు. తన పొరపాటుని కిటికీలో పెట్టి చూపించిన యజమానిని నేను మళ్లీ చూడలేదు. అటువంటివాడి దగ్గర పని దొరికితే వదులుకోకండి.

ముందు నీళ్ల సంగతి

రాఘవయ్యగారి తర్వాత దుకాణం నా చేతికొచ్చింది. అప్పటినుంచి కొనడానికి వచ్చినవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న "మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందా?" అన్నదే.

మగవాళ్లు తెల్లమొహం వేస్తారు. ఆడవాళ్లు వెంటనే చెప్పేస్తారు. "ఎక్కడండీ, బోరు నీళ్లకి గంట పెట్టినా గుండ్రాళ్లే" అంటే ఆ నీళ్లలో ఉప్పులూ సున్నమూ ఎక్కువన్నమాట. మన మెట్ట ఊళ్లలో చాలాచోట్ల అంతే. అటువంటి నీళ్లలో నియాన్ టెట్రాలు వెయ్యమని చెప్పకండి. ఎర్రగా నీలంగా మెరుస్తాయి, అందరూ వాటినే చూపిస్తారు. కానీ అవి మెత్తటి నీళ్ల చేపలు, మన బోరు నీళ్లలో దిగులుపడిపోతాయి. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కనే గప్పీలు, ప్లాటీలు, మోలీలకు మాత్రం ఈ నీళ్లు పుట్టిల్లే. మొక్కల్లో రిబ్బన్లలాగా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియాకి కూడా గట్టి నీళ్లంటే ఇష్టం. జావా ఫెర్న్‌ని ఇసకలో పాతకుండా కర్రకి దారంతో కట్టాలి. పాతితే దుంప కుళ్లిపోతుంది. చిన్న తొట్టికి ఈ రెండు మొక్కలు చాలు.

మంచినీళ్ల క్యాన్లు పోయిస్తామంటారు కొందరు. ఎన్నాళ్లు పోయిస్తారు? ఇంట్లో ఉన్న నీళ్లకు తగిన చేపల్ని ఎంచుకోవడమే తెలివి.

ఈ ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో మరిచిపోలేనిది కోటయ్యగారి భార్యది.

గొంతు పోయిన బేరగాడు

ఒక వానాకాలపు మధ్యాహ్నం, ఉన్నట్టుండి వాన దంచి కొడుతుంటే వృద్ధ దంపతులిద్దరు తలదాచుకోవడానికి దుకాణంలోకి వచ్చారు. ఆయన ఆరడుగుల మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మెడ మీద ఆపరేషన్ మచ్చ. ఆమె పేరు అనసూయమ్మ. చిలకలూరిపేట నుంచి పెద్ద డాక్టరుకి చూపించుకోవడానికి బస్సులో వచ్చారట.

"మా ఆయన కోటయ్య. ఒంగోలు ఎడ్ల బేరగాడమ్మా" అంది ఆమె కుర్చీలో కూర్చుంటూ. "సంతలో ఈ చివర కేకేస్తే ఆ చివర వినపడేది. గొంతులో గడ్డ తీశారు. మాట్లాడొచ్చు, మాట్లాడితేనే గొంతు తిరిగొస్తదని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఈయన నోరు తెరిస్తేగా! ఒకసారి మాట్లాడి, ఆ పీల గొంతు తనే విని, అప్పట్నించీ మూగనోము పట్టాడు. ఏం కావాలన్నా గిన్నె మీద గరిటతో కొట్టడమే."

ఆయన ఇదేమీ పట్టించుకోలేదు. ఓ తొట్టి ముందు నిలబడిపోయారు. వాన తగ్గింది. బస్సుకి టైమైంది. ఆయన కదల్లేదు.

"ఇంతసేపు ఒక్కచోట నిలబడింది పెళ్లిలో కూడా లేదమ్మా" అంది అనసూయమ్మ. ఆమె గొంతులో వేళాకోళం ఉంది. కళ్లలో మాత్రం ఇంకేదో ఉంది. ఆమె నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "ఇంట్లో గోడ వంక చూస్తా కూర్చుంటాడు. మనుషులొస్తే లోపలికి పోతాడు. ఈ చేపలేవో ఇంట్లో పెడదామా?"

కోటయ్యగారు చూస్తున్నవి ఆస్కార్ చేపలు. అడుగు పొడుగు దాకా పెరిగి, ఎదురుగా వచ్చినదాన్నల్లా మింగే రకం. ఆయన నా వైపు తిరిగి, తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి నా ముందుకు చాచారు. నాకేమీ అర్థం కాలేదు.

అనసూయమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది. "ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటావేందయ్యా! ఇది సంతనుకున్నావా?" నాకు వివరించింది. సంతలో పక్కవాళ్లకి తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారట. చివరికి ఆమే మధ్యవర్తిగా కూర్చుంది. తువ్వాలు కింద ఆయన ఆమె వేళ్లు నొక్కితే ఆమె పైకి చెప్పేది.

"రెండు కావాలంట. ఆ పెద్దయ్యి."

"ఇంట్లో ఎంత తొట్టి పెడతారు?"

"రెండడుగుల బల్ల ఉంది. దాని మీదికే."

"అయితే ఆ చేపలు ఒక్కటి కూడా ఇవ్వనండీ. రెండడుగుల పాకలో జత ఎడ్లని కడతారా మీరు?"

ఆయన నన్ను తేరిపార చూశారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. వెళ్లిపోతారనుకున్నాను. కానీ మళ్లీ కుర్చీ లాక్కుని కూర్చుని, మరి ఏమిస్తావన్నట్టు గడ్డం ఎగరేశారు.

"మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందా అమ్మా?" అని అడిగాను.

"మా నీళ్లకి పప్పేంటమ్మా, కోపం కూడా ఉడకదు. అందుకే ఈయనతో ఇన్నేళ్లు కాపరం చేశా" అంది అనసూయమ్మ. కోటయ్యగారి భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా నవ్వుతున్నారు.

గడ్డి తొట్టి

ఆ రోజు వాళ్లకి తొట్టి, ఇసక, వాలిస్నేరియా, కర్రకి కట్టిన జావా ఫెర్న్ ఇచ్చి పంపించాను. చేపలు లేవు. ప్లాటీలు, గప్పీలు ఇస్తానని, మొక్కలు నిలబడ్డాక రమ్మని చెప్పాను. కొన్ని రోజులకే అనసూయమ్మ ఫోను చేసింది.

"అమ్మాయ్, ఆకులన్నీ కరిగిపోతన్నయ్. చుట్టపక్కలోళ్లు వచ్చి, కోటయ్య గాజుపెట్టెలో గడ్డి పెంచుతున్నాడని నవ్వుతున్నారు. ఈయన పీకి పారేస్తానని సైగ చేస్తన్నాడు."

"పీకొద్దని చెప్పండి. కొత్త నీళ్లలో నాటితే పాత ఆకులు కరుగుతాయి. వేరు బతికే ఉంటుంది. కదపకుండా ఉంచితే కొత్త చిగురు వస్తుంది."

వచ్చింది. ఒక్కొక్క మొక్క ఇసక కింద నుంచి తీగ పాకించి పక్కన పిల్లని పెట్టింది. ఆయన రోజంతా స్టూలు వేసుకుని దాని ముందే కూర్చుంటున్నారని, చూడటానికి వచ్చినవాళ్లకు కొత్త మొక్కల్ని వేలితో చూపిస్తున్నారని ఆమె చెప్పింది. ఇన్నాళ్లూ మనుషులొస్తే లోపలికి వెళ్లినవాడు ఇప్పుడు కూర్చుంటున్నాడని ఆమె ఆనందం.

చేపల కోసం వచ్చిన రోజున ఆయన ఎంపిక చేసిన తీరు మీరు చూసి ఉండాల్సింది. ఎడ్ల సంతలో పశువు చుట్టూ తిరిగినట్టు తొట్టి చుట్టూ తిరిగారు. రెక్కలు ముడుచుకున్నదాన్ని వద్దన్నారు. మూల నక్కినదాన్ని, పొట్ట లోపలికి పోయినదాన్ని, మొప్పలు గబగబా ఆడిస్తున్నదాన్ని వద్దన్నారు. మేత వేయమని సైగ చేశారు. వేస్తే ముందుగా దూసుకొచ్చినవాటిని ఒక్కొక్కటే వేలితో చూపించారు. నేను మీకు చెప్పాలనుకున్న ఎంపిక పద్ధతి కూడా అంతకంటే ఏమీ లేదు. మేత వెయ్యకుండా చేపని కొనకండి, అమ్మకండి.

ఒక్క విషయంలో మాత్రం మాకు పడలేదు. మగవాటినే తీసుకోండి, ఆడవి కూడా ఉంటే పిల్లలతో తొట్టి నిండిపోతుందని ఎంత చెప్పినా వినలేదు. నిండు చూలుతో ఉన్న ప్లాటీల మీదే ఆయన వేలు ఆగింది. అవే పట్టుకెళ్లారు.

ఫోనులో గరిట చప్పుడు

ఎండాకాలం నడిమధ్యలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కోటయ్యగారి నంబరు. అనసూయమ్మే అనుకుని పలకరించాను. జవాబు లేదు. ఠంగ్ ఠంగ్ మని లోహం మీద కొట్టే చప్పుడు.

"కోటయ్యగారా?"

ఠంగ్.

"అనసూయమ్మగారు లేరా? అవునంటే ఒకసారి కొట్టండి, కాదంటే రెండుసార్లు. ఇంట్లో ఉన్నారా?"

రెండు దెబ్బలు. వేటపాలెం చుట్టాలింటికి వెళుతున్నట్టు ఆమె ముందురోజే నాతో అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"చేపలకేమైనా అయిందా?"

ఠంగ్.

"కరెంటు పోయిందా?"

ఠంగ్.

నాకు అర్థమైంది. గాలిదుమ్ముకి ఎక్కడో లైను తెగి ఉంటుంది. బయట నిప్పులు కురుస్తున్నాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎయిర్ పంపు ఆగిపోయింది. పైగా ఆయన తొట్టి నిండా పిల్లలు. "పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా?" అని అడిగాను. ఠంగ్.

"ఫోను స్పీకర్లో పెట్టి పక్కన పెట్టండి. తొట్టి మూత తీసెయ్యండి. తీశారా? కిటికీ తెరవండి. ఎండ పడకూడదు, వెలుతురు మాత్రం రావాలి. వెలుతురుంటే మొక్కలు గాలి వదులుతాయి. ఇప్పుడు చెంబుతో ఆ తొట్టిలోవే నీళ్లు తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ దాంట్లోనే పొయ్యండి. ఆపకుండా పొయ్యండి."

నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. దుకాణంలో ఉన్నవాళ్లు నా చుట్టూ చేరారు.

"ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ల సీసా ఉంటే మూత బిగించి నీళ్ల మీద తేలెయ్యండి. ఐసు ముక్కలు మాత్రం వెయ్యొద్దు, ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేవు. వేశారా?"

ఠంగ్.

"ఇప్పుడెట్లా ఉన్నాయండీ? ఎన్ని పైన ఉన్నాయి, ఎన్ని కిందికి దిగాయి?"

అడిగాక గానీ నాకు తట్టలేదు, ఈ ప్రశ్నకి గరిటతో జవాబు చెప్పలేరని. నీళ్ల చప్పుడు ఆగింది. ఒక దెబ్బ వినపడింది. తర్వాత రెండు. తర్వాత గరిట నేల మీద పడ్డ చప్పుడు.

"పెద్దయ్యి దిగినయ్యమ్మా!"

బట్ట చిరిగినట్టు, సన్నగా, బొంగురుగా ఉంది ఆ గొంతు.

"పిల్లలింకా పైనే ఉన్నయ్! ఏం చెయ్యను? చెప్పవేందమ్మా!"

ఆయన మాట్లాడిన సంగతి నేనెత్తితే ఆయన మళ్లీ నోరు మూసేస్తారేమోనని భయమేసింది. ఏమీ జరగనట్టే చెప్పాను. "వెడల్పాటి గంగాళం ఉందా? ఈ తొట్టి నీళ్లే సగం పోసి, పిల్లల్ని చెంబుతోటే ముంచి అందులోకి మార్చండి. నీళ్లు ఎంత వెడల్పుగా ఉంటే అంత గాలి తగులుతుంది. గుప్పెడు మొక్కలు కూడా వెయ్యండి."

"గంగాళం అటక మీదుందే! ఉండు, స్టూలేస్తా. లైనులోనే ఉండు!"

"ఉన్నానండీ."

దబదబమని అడుగులు, ఇత్తడి చప్పుడు, మధ్యలో కరెంటువాళ్లకి తిట్లు, చేపలకి బుజ్జగింపులు. "ఆగు తల్లీ, వస్తన్నా. అటు పోతావేం, ఇటు రా." పీలగొంతు అక్కడక్కడా తెగిపోతోంది. ఆయన దగ్గి మళ్లీ అందుకుంటున్నారు. కాసేపటికి నిట్టూర్పు వినిపించింది.

"అన్నీ దిగినయ్యమ్మా. తిరుగుతన్నయ్."

నా చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. "ఎవరమ్మా అది?" అని ఆయన అడిగారు. "మీ చేపల కోసం బెంగపడ్డవాళ్లండీ" అన్నాను.

సాయంత్రం అనసూయమ్మ ఫోను చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ముందు నాకు తెలియలేదు. "అమ్మాయ్, బస్సు దిగి వీధిలోకి రాగానే మా ఇంట్లోంచి ఎవరిదో గొంతు. దొంగ దూరాడేమో అనుకున్నా. చూస్తే ఈయనే! కరెంటాఫీసు లైన్‌మాన్‌ని గుమ్మంలో నిలబెట్టి వాయిస్తన్నాడు. ఆ పిల్లాడు పాపం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి పోయి కళ్లు తుడుచుకుని, కాఫీ పెట్టి ఇద్దరికీ ఇచ్చా."

ఆ గొంతు మునుపటిలా మారలేదు. కానీ ఆయన దాన్ని దాచుకోవడం మానేశారు. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా గర్వంగా అనిపించింది ఏదంటే ఇదే చెబుతాను.

చివరగా

పని మానేశాక ఒకసారి చీరాల వెళుతూ చిలకలూరిపేటలో దిగాను. కోటయ్యగారు తొట్టిలో పట్టని చేపపిల్లల్ని ఆ వీధి వీధంతటికీ పంచిపెట్టారు. పంచినప్పుడల్లా గుప్పెడు మొక్కలు కూడా ఇచ్చి, ఎట్లా చూసుకోవాలో తనే నిలబడి చెప్పారట. ఏ వసారాలో చూసినా ఒక గాజు తొట్టో, సిమెంటు తొట్టో, వాటిలో పచ్చగా ఊగే ఆకులో. ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా ఇంట్లో అయితే పాత వాష్‌బేసిన్‌లో కూడా ప్లాటీలే.

భోజనాలయ్యాక నేను బస్సుకి బయల్దేరుతుంటే కోటయ్యగారు తొట్టి దగ్గర నుంచి చెయ్యి ఊపారు. "అమ్మాయ్, ఇట్రా. చప్పుడు చెయ్యకుండా రా."

నారింజరంగు ప్లాటీ ఒకటి మొక్కల చాటున ఆగి ఉంది. దాని పొట్ట కింద నుంచి గుండుసూది తలంత ఉండ ఒకటి జారింది. జారిన ఉండ రెండు క్షణాలు కిందికి దిగి, చటుక్కున నిటారై, తోకాడించి ఆకుల్లోకి దూరిపోయింది. దానికి కళ్లున్నాయి. ఆ కళ్లతో నన్ను చూసినట్టే అనిపించింది.

నా దుకాణంలో లెక్కలేనన్ని పిల్లలు పుట్టాయి. పొద్దున వచ్చేసరికి ఉండేవి, వలతో పట్టి వేరే తొట్టిలోకి మార్చేదాన్ని. పుట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కొనేవాళ్ల మొహాలు చూడటంతోనే సరిపోయింది నాకు.

"బస్సు పోతదమ్మా" అంది అనసూయమ్మ గుమ్మంలో నా సంచీ పట్టుకుని.

ఈనుతున్న ఆవు పక్కన కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని ఉన్నారు కోటయ్యగారు. అద్దం మీద మెల్లగా చెయ్యి వేసి, ఆ బొంగురు గొంతుతో చేపతోనే అన్నారు. "తొందర్లేదు తల్లీ, నిదానం. ఇంకోటుంది."

నేను చెప్పులు విప్పి ఆయన పక్కన కింద కూర్చున్నాను.